తడలో రైలెక్కితే... ప్రపంచం తెర మీద!

మీలో ఎంతమందికి సినిమా పిచ్చి ఉందో నిజం చెప్పండి! నాకైతే చిన్నప్పటి నుంచీ ఉంది. పెళ్లిచూపుల్లో "నీకేం ఇష్టమమ్మా?" అని అడిగితే తడుముకోకుండా "సినిమాలు" అనేసి మా అమ్మ చేత తొడపాశం పెట్టించుకున్నదాన్ని నేను. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పైచిలుకు కాపురంలో సినిమాహాలుకి వెళ్లలేదా అంటే వెళ్లాను. కాని ప్రతిసారీ ఎవరో ఒకరి కోసం వెళ్లాను. పిల్లల కోసం వాళ్ల హీరో సినిమా, మావారి కోసం ఆయన హీరో సినిమా, చుట్టాలొస్తే వాళ్ల సరదా కోసం మరొకటి. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ తెచ్చేదాన్నీ, చిన్నవాణ్ణి బాత్‌రూంకి తీసుకెళ్లేదాన్నీ నేనే కాబట్టి సగం సినిమాల సెకండాఫ్ మొదలు ఎట్లా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలీదు.

నా కోసం నేనొక్కదాన్నే వెళ్లి సినిమా చూసింది 2023 డిసెంబర్లో. అదీ ఒకటి కాదు సుమా, మూడు రోజుల్లో పదకొండు సినిమాలు! "ఇదెక్కడి చోద్యం?" అనుకుంటున్నారు కదూ? ఆ ముచ్చటే ఇవాళ మీతో చెప్పుకోవాలని కూర్చున్నాను. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి వచ్చి చదవండి.

మా ఊరు శ్రీ సిటీ

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మాది శ్రీ సిటీ. పేరు వినగానే ఇదేదో పెద్ద పట్నం అనుకుంటారు. చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, జాతీయ రహదారి మీద తడ దగ్గర లోపలికి తిరిగితే వచ్చే పారిశ్రామిక వాడ ఇది. 2008లో మొదలైంది. అంతకు ముందు ఇక్కడున్నవి సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పల్లెలు, మెట్ట పొలాలు, చెరువులు. అప్పుడు మాది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా అయ్యాం.

ఇప్పుడొచ్చి చూడండి! ఇసుజు బండ్లు ఇక్కడ తయారవుతాయి. డైకిన్ ఏసీలు ఇక్కడ తయారవుతాయి. క్యాడ్‌బరీ చాక్లెట్లు ఇక్కడే. సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేసే వందలాది ఆడపిల్లలు నీలం రంగు బస్సో తెల్ల బస్సో ఎక్కి మూడు షిఫ్టులకీ వెళ్తుంటారు. 2013లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఆ తర్వాత క్రియా విశ్వవిద్యాలయం వచ్చింది. కంపెనీల పని మీద వచ్చిన జపాన్ వాళ్లు, కొరియా వాళ్లు అప్పుడప్పుడూ దారిలో తారసపడుతుంటారు.

ఊరు ఇట్లా మారేసరికి మేమూ మారాం. 2014లో మా అత్తగారి కాలం నాటి మట్టిమిద్దె పడగొట్టి, కింద మాకూ పైన అద్దెకూ పనికొచ్చేట్టు డాబా కట్టించాం. పై పోర్షన్లో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలు ఉంటారు. ఒకరు శ్రీకాకుళం నుంచి, ఒకరు అనంతపురం నుంచి, ఇంకొకరు ఒంగోలు నుంచి. వాళ్ల భోజనాలూ మా ఇంట్లోనే. ఇంట్లో వాళ్లతో కలిపి పొద్దున్నే ఎనిమిది డబ్బాలు కట్టే వంటింటి నాది. మరి ఇంక సినిమాకి తీరికెక్కడ?

సినిమాహాల్లేవా అంటే ఉన్నాయి. తడ దాటి నెల్లూరు వైపు వెళ్తే సూళ్లూరుపేటలో 2019 ఆగస్టులో తెరుచుకున్న పెద్ద థియేటరుంది. నూరడుగుల తెర! 'సాహో' విడుదలతో మొదలైంది. ఆసియాలో పెద్ద తెరల్లో అదొకటని చెప్పుకుంటారు. చెన్నై నుంచి కార్లేసుకుని మరీ వస్తారు. నేనూ చూశాను. ఆ తెర మీద హీరో చెయ్యెత్తితే మన ఇల్లంత ఉంటుంది. బాగానే ఉంటుంది. కాని ఎనిమిది డబ్బాలు కట్టే ఆడదాని బతుకు నూరడుగుల తెర మీద నాకెప్పుడూ కనిపించలేదు.

"సినిమా చూసేదానికి మద్రాసుకా?"

2023 నవంబర్ చివర్లో పై పోర్షన్ అమ్మాయి ఒకరోజు డబ్బా తీసుకుంటూ, "అక్కా, చెన్నైలో వచ్చే నెల సినిమా పండగ జరుగుతుందంట. ఎన్నో దేశాల సినిమాలు వేస్తారంట. నీకు సినిమాలంటే ప్రాణం కదా, పోరాదూ?" అంది.

అది చెన్నై అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. ఇండో సినీ అప్రిసియేషన్ ఫౌండేషన్ అనే సంస్థ 2003 నుంచి నడుపుతోంది. మామూలుగా డిసెంబర్లో, వారం రోజుల పాటు. ఒక్క పాసు తీసుకుంటే చాలు, అన్ని రోజులూ ఎన్ని సినిమాలైనా చూడొచ్చు. ఈ విషయం ఇరవై ఏళ్లుగా ఇంత దగ్గర్లో జరుగుతున్నా నా చెవిన పడలేదంటే చూడండి!

ఇంట్లో చెప్పాను. మావారు పేపర్లోంచి తలెత్తకుండానే "వారమంతానా?" అన్నారు. మా అత్తగారు మాత్రం వత్తులు చేసుకుంటున్నదల్లా ఆపేసి, "ఏమ్మా, సినిమా చూసేదానికి మద్రాసు దాకా పోవల్లా? ఈడ టీవీ ఉండాది గదా!" అన్నారు. ఆమెకు ఇప్పటికీ అది మద్రాసే.

నాకు కోపం వచ్చింది. కోపం కన్నా దుఃఖం వచ్చింది. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కాస్త గట్టిగానే సర్దాను. మనందరికీ తెలిసిన భాషే కదా అది! రాత్రి మావారే మెల్లిగా వచ్చి, "మూడు రోజులు పోయిరా. పొద్దున పోయి రాత్రికొచ్చెయ్. ఆ మూడు రోజులూ మేం చూసుకుంటాం" అన్నారు. మూడు రోజులే అయితేనేం? కళ్లకద్దుకుని ఒప్పుకున్నాను.

ఈలోగా డిసెంబర్ మొదటి వారంలో మిచాంగ్ తుఫాను వచ్చి మమ్మల్నీ చెన్నైనీ ఒకేసారి ముంచెత్తింది. రైళ్లు ఆగాయి, కరెంటు పోయింది. ఇంక పండగ లేదు ఏమీ లేదనుకుని ఆశ వదిలేసుకున్నాను. కాని నీళ్లు తీశాయి, బండ్లు నడిచాయి, నెల మధ్యలో అనుకున్నట్టే ఉత్సవం మొదలైంది.

మెడలో నా పేరు

పొద్దున మూడింటికి లేచి ఎనిమిది డబ్బాలు కట్టి, నాకో చిన్న టిఫిన్ క్యారియర్ సర్దుకుని, మావారి బండి మీద తడ స్టేషన్‌కి వచ్చాను. సూళ్లూరుపేట నుంచి చెన్నై వెళ్లే లోకల్ బండి ఇక్కడ ఆగుతుంది. టికెట్ ధర సినిమాహాల్లో పాప్‌కార్న్ కన్నా ఎంతో తక్కువ! తడ దాటగానే ఆరంబాకం. అంతే, స్టేషన్ బోర్డు మీద తెలుగు పోయి తమిళం వస్తుంది. పెట్టెలో మాటలు మాత్రం మారవు. మా సరిహద్దులో సగం మాట తెలుగులో మొదలై తమిళంలో ముగుస్తుంది. ఏలావూరు, గుమ్మిడిపూండి, పొన్నేరి, మీంజూరు, ఎన్నూరు... పూలబుట్టల వాళ్లు, చేపల బుట్టల వాళ్లు, ఆఫీసుల వాళ్లు. రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా సెంట్రల్ చేరాను.

అక్కడి నుంచి మెట్రో. నేను చెన్నై మెట్రో ఎక్కడం అదే మొదటిసారి. ఆ రైళ్లలో చాలా మటుకు తయారైంది మా శ్రీ సిటీలోనే, తెలుసా? పుట్టింటి వస్తువు అత్తవారింట్లో కనిపించినంత సంబరం వేసింది! ఎల్ఐసీ స్టేషన్లో దిగి, అడుగుతూ అడుగుతూ రాయపేటలోని సత్యం థియేటర్ చేరాను. ఆ ఏడాది ఉత్సవం అక్కడా, మౌంట్ రోడ్డులోని అన్నా థియేటర్లోనూ జరిగింది.

బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నా పేరు వెతికి, నల్ల తాడుకి కట్టిన కార్డు ఒకటి నా చేతికిచ్చింది. మెడలో వేసుకోమంది. మంగళసూత్రం గొలుసు మీద ఆ కార్డు. అందులో నా ఫోటో, నా పేరు. ఫలానా వారి భార్య అని గాని, ఫలానా అబ్బాయి తల్లి అని గాని లేదు. గ్యాస్ బుక్కు మావారి పేరున ఉంది, ఇంటి పన్ను మామగారి పేరున ఉంది, స్కూలు డైరీలో నేను 'మదర్'ని. నా పేరు ఒక్కటే రాసున్న కాగితం మెడలో వేసుకోవడం పదో తరగతి హాల్‌టికెట్ తర్వాత ఇదే! మీకు నవ్వొస్తోందేమో గాని, నాకు మాత్రం ఆ కార్డు పట్టుకుని కాసేపు నిలబడాలనిపించింది.

చీకట్లో చూసిన వంటిళ్లు

ఫిల్మ్ ఫెస్టివల్ అంటే నేను ఎర్ర తివాచీలు, పట్టుచీరల్లో హీరోయిన్లు అనుకున్నాను. అవి ఎక్కడున్నాయో గాని నేనైతే చూడలేదు. నేను చూసింది క్యూలు! సంచీ భుజాన వేసుకున్న కాలేజీ పిల్లలు, నోటు పుస్తకం పట్టుకున్న అసిస్టెంట్ డైరెక్టర్లు, ఏళ్ల తరబడి వదలకుండా వస్తున్న రిటైరైన బ్యాంకు ఉద్యోగులు. ప్రతివాళ్ల చేతిలో ఆ రోజు సినిమాల పట్టిక. పెన్సిల్‌తో గీతలు. "పదింటికి అక్కడ, పన్నెండున్నరకి ఇక్కడ, మధ్యలో ఇడ్లీ" అని లెక్కలు. మన పెళ్లిళ్లలో వంటవాళ్లు సరుకుల చీటీ పట్టుకుని తిరిగినట్టుంటుంది.

ఇంకో విచిత్రం, ఈ సినిమాలకి ఇంటర్వెల్ లేదు. చాలా వాటిలో పాటల్లేవు, ఫైటింగుల్లేవు. గంటన్నర, గంటా ముప్పావు, అంతే. లైట్లు ఆరిపోయాక ఎవరూ మాట్లాడరు. సెల్‌ఫోన్ తీస్తే వెనకవాళ్లు ఊరుకోరు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటాయి. మొదటి సినిమాలో ఆ అక్షరాలు చదివేలోపు బొమ్మ వెళ్లిపోయింది, బొమ్మ చూసేలోపు అక్షరాలు వెళ్లిపోయాయి. రెండో సినిమాకి చదవడం తగ్గించాను. మొహాలు చూశాను. ఆశ్చర్యం, అప్పుడే బాగా అర్థమైంది!

అన్ని కథలూ ఇక్కడ ఏకరువు పెట్టను. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఏ దేశం సినిమా అయినా ఎక్కడో ఒకచోట వంటిల్లు వస్తుంది. మంచు కురిసే దేశంలో ఒక ముసలామె రొట్టెల పిండి పిసుకుతూ మాటిమాటికీ ఫోన్ వైపు చూస్తుంది. ఎడారి దేశంలో ఒక తల్లి పిల్లలకి వడ్డించి, గిన్నెలో మిగిలింది ఎంతో ఓసారి చూసుకుని, "నాకు ఆకలిగా లేదు" అంటుంది. ఆ మాట కింద ఇంగ్లీషులో పడకముందే నాకు తెలిసిపోయింది. మీకూ తెలిసేది. మనమెన్నిసార్లు అనలేదు ఆ మాట!

మొదటి రోజు మధ్యాహ్నం బయటికొచ్చి ఫోన్ తెరిస్తే ఇంటి నుంచి పధ్నాలుగు కాల్స్! గుండె జారిపోయింది. ఎవరికేమైందో అని వణుకుతూ చేస్తే మా అబ్బాయి. "జీలకర్ర డబ్బా ఎక్కడుందో అడుగుదామని చేశామమ్మా. దొరికింది లే" అన్నాడు. అవతల మా అత్తగారి గొంతు: "చూసుకోనీరా ఆ యమ్మిని!" ఆ మాట విన్నాక రెండో రోజు రైలు ఇంకాస్త తేలిగ్గా ఎక్కాను.

మద్రాసు మనది కూడా

క్యూలో నా ముందు నిలబడే పెద్దావిడ ఒకరు పరిచయమయ్యారు. స్కూలు టీచరుగా రిటైరయ్యారట. తమిళావిడే అయినా తెలుగు బాగా వచ్చు. నేను శ్రీ సిటీ నుంచి వచ్చానంటే, "ఈ పండగకి మీవాళ్లు రావడం కొత్తేం కాదమ్మా" అని నవ్వి, పాత సంగతులు చెప్పారు.

మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 1952 జనవరి 24న బొంబాయిలో మొదలైంది. 23 దేశాల నుంచి 40 దాకా కథాచిత్రాలు వచ్చాయి. ఆ తర్వాత ఆ పండగ మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకూ వెళ్లింది. ఇటలీ వాళ్ల 'బైసికిల్ థీవ్స్' అప్పుడే మనవాళ్లు చాలామంది చూశారు. సైకిల్ పోగొట్టుకున్న ఒక పేదవాడు, చిన్న కొడుకుని వెంటబెట్టుకుని ఊరంతా వెతికే కథ. అదే ఉత్సవంలో మన దేశం తరఫున చూపించిన సినిమాల్లో మన 'పాతాళ భైరవి' ఉంది! తాడిపత్రి కె.వి. రెడ్డి గారి దర్శకత్వంలో, మద్రాసులో తీసిన సినిమా. నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి గారిది కడప జిల్లా. అంటే మన రాయలసీమ వాళ్లు మద్రాసులో కూర్చుని తీసిన సినిమా ప్రపంచం సినిమాల సరసన కూర్చుందన్న మాట.

ఆడవాళ్ల సంగతి అడిగితే ఆవిడ భానుమతి గారిని తలుచుకున్నారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ మూడు భాషల్లోనూ తీసి, తానే దర్శకత్వం చేసి, తానే నటించిన మనిషి! అదీ ఈ మద్రాసులోనే. 'అత్తగారి కథలు' చదివి నవ్వుకున్న మనం ఆ సంగతి ఎంతమందికి చెప్పుకుంటాం?

మూడో రోజు చివరి సినిమాకి ముందు ఆ టీచరమ్మ నన్నడిగారు: "ఉర్లగడ్డలు ఒలిచే సినిమా చూశావా?" నేను తెల్లమొహం వేశాను. అప్పుడు చెప్పారు. లండన్ నుంచి వచ్చే 'సైట్ అండ్ సౌండ్' అనే సినిమా పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి ప్రపంచంలోని విమర్శకులను అడిగి గొప్ప సినిమాల జాబితా వేస్తుంది. 1952లో మొదటి స్థానం ఆ సైకిల్ సినిమాకే. 2022లో మొదటి స్థానం ఎవరికి వచ్చిందో తెలుసా? 'జాన్ దీల్మాన్' అనే 1975 నాటి సినిమాకి. తీసింది బెల్జియం అమ్మాయి షాంతాల్ అకెర్మాన్, అప్పటికి పాతికేళ్లది. మగవాళ్ల సినిమాలే పైనుండే ఆ జాబితాలో ఒక ఆడమనిషి తీసిన సినిమా మొదటికి రావడం అదే తొలిసారి. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. ఒక వితంతువు, ఆమె కొడుకు, ఆమె ఇల్లు, మూడు రోజులు. చాలా భాగం ఆమె వంట చేస్తూ, గిన్నెలు కడుగుతూ, పక్క సర్దుతూ ఉంటుంది. అంతే!

"వంట చేస్తుంటే మూడు గంటలు చూడాలా?" అన్నాను.

"నువ్వు చేస్తుంటే ఎవరైనా అయిదు నిమిషాలైనా చూశారా?" అన్నారావిడ.

నేనేమీ అనలేకపోయాను.

ఉర్లగడ్డలు చెడిపోయిన రోజు

సంక్రాంతి పనులన్నీ అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం పై పోర్షన్ అమ్మాయి ఆ సినిమా తన ల్యాప్‌టాప్‌లో పెట్టింది. హాల్లో చాప వేసుకుని కూర్చున్నాం. ఆడపిల్లలిద్దరూ అరగంటకే నిద్రపోయారు పాపం, నైట్ షిఫ్టు చేసొచ్చిన వాళ్లు. నేను సాయంత్రం కూరకి నిజంగానే ఉర్లగడ్డలు ముందేసుకుని చూస్తున్నాను. మా అత్తగారు వత్తుల పళ్లెం తెచ్చుకుని, "ఏంది ఆ యమ్మ ఏం మాట్లాడదు?" అంటూ గోడకానుకున్నారు.

మొదటి రోజంతా ఆ జాన్ అన్ని పనులూ గడియారంలా చేస్తుంది. లైటు వేస్తుంది, ఆర్పుతుంది. మూత తీస్తుంది, పెడుతుంది. రెండో రోజు ఉర్లగడ్డలు ఎక్కువగా ఉడికిపోతాయి. ఆ గిన్నె పట్టుకుని ఎక్కడ పారబోయాలో తెలీక ఇల్లంతా తిరుగుతుంది. నాకు అదేదో మామూలు సంగతిలాగే అనిపించింది. మా అత్తగారు మాత్రం వత్తి చెయ్యడం ఆపేశారు.

"చెయ్యి తప్పింది" అన్నారు. "ఏదో అయింది ఆ యమ్మకి. మనసు ఈడ లేదు."

ఇంగ్లీషు రాదు. కింద పడే అక్షరాలు చదవలేరు. ఆ సినిమాలో అప్పటికి ఎవరూ ఏమీ చెప్పలేదు కూడా. కాని ఉర్లగడ్డలు చెడిపోవడం చూసి ఒక మనిషి లోపల ఏదో చెడిందని ఆమె కనిపెట్టేశారు. ఆ సినిమా మీద పెద్ద పెద్ద వాళ్లు వ్యాసాలు రాసి చెప్పేది ఆ మాటే! తర్వాత ఏం జరుగుతుందో నేను చెప్పను. పెద్దవాళ్లు చూడాల్సిన సినిమా, వీలైతే మీరే చూడండి.

ఆ రాత్రి అన్నం తింటూ మా అత్తగారు, "ఆ మద్రాసు పండగ మళ్లా ఎప్పుడు?" అని అడిగారు.

అత్తగారి కార్డు

2024 డిసెంబర్లో ఇద్దరం వెళ్లాం. ఆమెకి డెబ్భై దాటాయి. చిన్నప్పుడు సత్యవేడులో టూరింగ్ టాకీసులో నేల టికెట్టుకి 'పాతాళ భైరవి' చూసిన మనిషి. ఆ తర్వాత ఇల్లు, పశువులు, పిల్లలు. కార్డు మెడలో వేస్తే చేత్తో తిప్పి చూసుకుని, "ఇందులో నా పేరేది?" అన్నారు. వేలు పెట్టి చూపించాను. ఇంట్లో ఆమెను అమ్మా, అత్తా, అవ్వా అని పిలిచేవాళ్లే గాని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. సినిమా అయ్యేంత వరకూ ఆ కార్డు వదల్లేదు, చేత్తో పట్టుకునే కూర్చున్నారు.

ఒక సినిమాలో పడగ్గది దృశ్యం వచ్చింది. ఈ ఉత్సవాల సినిమాలకి సెన్సారు మినహాయింపు ఉంటుంది కదా, అవి తప్పవు. కొంగు మొహం మీదికి లాక్కుని, "అయిపోయిందా? అయిపోయిందా?" అని అడుగుతూ కూర్చున్నారు. పక్క సీటు కాలేజీ కుర్రాడు నవ్వు ఆపుకోలేక, చివరికి తనే "అయిపోయింది పాట్టీ!" అని చెప్పాడు.

మధ్యాహ్నం చూసింది ఒక ముసలామె కథ. పిల్లలు ఇల్లు అమ్మేసి ఆమెను వేరే ఊరికి తీసుకుపోతారు. పెద్ద గొడవలేమీ లేవు. అందరూ మంచివాళ్లే. సామాన్లు ఎక్కించాక ఆమె ఒక్కతే లోపలికొచ్చి, గోడని చేత్తో ఒకసారి తడుముతుంది. అంతే, సినిమా అయిపోయింది.

బయటికొచ్చాక మా అత్తగారు మాట్లాడలేదు. నచ్చలేదేమో, అలసిపోయారేమో అనుకున్నాను. రాత్రి లోకల్ బండి పొన్నేరి దాటింది. కిటికీ అవతల చీకటి. అప్పుడన్నారు:

"ఆ యమ్మ గోడ తడిమింది చూస్తివా?"

"చూశాను అత్తా."

"మన పాత మిద్దె పడగొట్టిన పొద్దు నేనూ అట్లనే తడిమినా. నేను కాపరానికొచ్చినప్పుడు ఎర్రమన్ను పూసిన గోడ అది. మీరెవరూ చూల్లేదు."

2014లో ఆ రోజు నాకు బాగా గుర్తుంది. జేసీబీ వచ్చింది. నేను లోపల బాత్‌రూం ఉండే కొత్త ఇల్లు వస్తోందని సంబరంగా అందరికీ టీలు ఇస్తున్నాను. ఆమె ఎక్కడున్నారో నేను చూడలేదు. పదేళ్లు ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో ఉన్నాం. ఈ మాట ఆమె ఎప్పుడూ అనలేదు, నేనెప్పుడూ అడగలేదు. భాష తెలియని దేశపు ముసలామె వచ్చి చెబితే గాని నాకు తెలియలేదు.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆరంబాకం వచ్చింది, తర్వాత తడ. మావారు ఒకరి తర్వాత ఒకరిని బండి మీద ఇంటికి చేర్చారు. పొద్దున లేచి చూస్తే హాల్లో క్యాలెండరు మేకుకి రెండు కార్డులూ వేలాడుతున్నాయి. ఎవరు తగిలించారో మీకు చెప్పక్కర్లేదు.

మీరూ వెళ్లాలనుకుంటే...

"ఇవన్నీ చదువుకున్న వాళ్లకి గాని మనకెందుకు?" అనుకోకండి. నాలుగు మాటలు గుర్తు పెట్టుకుంటే చాలు:

ఉత్సవానికి కొన్ని వారాల ముందే పాసుల వివరాలు వస్తాయి. గుర్తింపు కార్డు, ఫోటో సిద్ధంగా ఉంచుకోండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని వెంట తీసుకెళ్లొద్దు. సెన్సారు కాని సినిమాలు, మీరే ఇబ్బంది పడతారు.

రోజుకి మూడు సినిమాలు చాలు. నాలుగో సినిమాకి కళ్లు మండుతాయి, కథలు కలగాపులగం అవుతాయి. ఒక సినిమా నచ్చకపోతే మొహమాటం లేకుండా లేచి రండి, అక్కడ అందరూ అదే చేస్తారు. ఏసీ చల్లగా ఉంటుంది, శాలువా మరిచిపోకండి.

తిండి ఇంటి నుంచే పట్టుకెళ్లి థియేటర్ బయట తినండి. నేను చింతపండు పులిహోర, పెరుగన్నం, వేయించిన చెనిక్కాయలు కడతాను. పులిహోర ముందు రోజు రాత్రే కలిపి పెట్టుకుంటే పొద్దున హడావుడి ఉండదు, పులుపు కూడా బాగా పడుతుంది.

ఇంగ్లీషు రాదని భయపడకండి. మొహాలు చూడండి, చేతులు చూడండి. ఆ భాష మనకొచ్చు.

చెన్నై దూరమైన వాళ్లకి డిసెంబర్లోనే తిరువనంతపురంలో కేరళ వాళ్ల ఉత్సవముంది, 1996 నుంచీ జరుగుతోంది. 2004 నుంచి దేశపు పెద్ద ఉత్సవం గోవాలో జరుగుతోంది. ఏదీ కుదరకపోతే ఒక ఆదివారం మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్లు ఒకచోట చేరి, ఒక మంచి సినిమా పెట్టుకుని, ఫోన్లు పక్కన పెట్టి, మధ్యలో లేవకుండా చివరిదాకా చూడండి. అదీ పండగే. ఇంట్లో పెద్దవాళ్లని మాత్రం పక్కన కూర్చోబెట్టుకోండి. సినిమా అయ్యాక వాళ్లేమంటారో వినండి.

ఇక జీలకర్ర డబ్బా సంగతంటారా? అది వాళ్లకి దొరుకుతుంది లెండి!

మరి వచ్చే డిసెంబర్లో తడ స్టేషన్లో పొద్దుటి బండి దగ్గర కలుద్దామా? ఇద్దరు ఆడవాళ్లు, ఒకరికి డెబ్భై దాటాయి, ఇద్దరి మెడలోనూ నల్లతాడు కార్డులు. గుర్తుపట్టడం కష్టమేం కాదు.